అద్దం అవతలి చెయ్యి

అద్దాల కొట్టు నడిపే ఆ దంపతుల మధ్య ఇరవై ఆరేళ్ళుగా ఒక ఒప్పందం ఉంది. అద్దాన్ని ఎత్తమనడం ఆయన వంతు. వదలమనడం ఆవిడ వంతు.

పెళ్ళయిన మొదటి ఏడాదే ఆ ఒప్పందం కుదిరింది. కిటికీ అద్దం ఒకటి ఇద్దరూ బల్ల మీదికి దించుతున్నారు. ఆవిడ వైపు ఇంకా ఆనకముందే ఆయన తన కొస వదిలేశాడు. అద్దం జారి ఆవిడ ముంజేతిని మణికట్టు నుంచి మోచేతి దాకా గీసుకుంటూ పోయింది. పదకొండు కుట్లు పడ్డాయి. కుట్లు వేస్తున్నంతసేపూ ఆవిడ ఏడవలేదు కానీ, ఆయన ఏడ్చాడు. "ఇకమీదట నువ్వు వదులనేదాకా నా చెయ్యి తెగినా వదలను" అన్నాడు. అన్న మాట నిలబెట్టుకున్నాడు.

మామూలప్పుడు ఆవిడ ఆయన్ని మీరనే అంటుంది. అద్దం చేతుల్లో ఉన్నప్పుడు మాత్రం నువ్వే. "వదలండీ అని సాగదీసేలోపు నాలుగు వేళ్ళు ఊడిపోతాయి. అద్దం కింద మర్యాదలేమిటి?" అనేది. ఎదురుగా బేకరీ నడిపే అతను ఆ మాట విన్నప్పుడల్లా నవ్వేవాడు.

"ఏం వదినా, అన్నయ్య మీద పెత్తనం చెయ్యడానికే ఈ కొట్టు పెట్టించావా?"

"మరి? ఇంట్లో నా మాట ఎటూ సాగదు. కనీసం ఇక్కడైనా సాగనియ్యి."

ఇద్దరు కలిసి అద్దం మొయ్యడంలో ఒక సంగతి ఉంది. మోసేవాళ్ళకే తెలుస్తుంది. అవతలి మనిషి చెయ్యి కంటికి కనబడనక్కర్లేదు, అద్దంలోంచే తెలిసిపోతుంది. ఆయన గట్టిగా ఊపిరి తీస్తే ఇటు కొస కదులుతుంది. ఆయన కాలికింద రాయి తగిలితే ఆయన కంటే ముందు ఆవిడే తడబడుతుంది. ఆయనకు తుమ్ము వస్తోందని కూడా ఆవిడకు ముందే తెలిసేది. "ఆపుకో, ఆపుకో" అని అరిచేది.

రెండు నెలల కిందట ఒక పొద్దున బట్టల కొట్టువాళ్ళ కోసం నిలువుటద్దం ఒకటి సిద్ధం చేస్తున్నారు. మనిషికంటే ఎత్తు. గోడవారగా రబ్బరు చాప మీద నిలబెట్టాలి. ఆయన వైపు మూల ఆనింది. ఆవిడ వైపు ఇంకా జానెడు గాల్లో ఉంది. అప్పుడు ఆయన కుడి చెయ్యి వదిలేసింది.

ఆవిడ వదులు అనలేదు. అసలు నోరే తెరవలేదు.

అద్దం ఆయన మీదికి ఒరగబోయింది. ఆవిడ భుజం అడ్డం పెట్టి, రెండు చేతులతో బిగించి పట్టుకుంది. పక్కనుంచి తొంగి చూస్తే ఆయన కుడి చెయ్యి ఆరేసిన చొక్కా చెయ్యిలా వేలాడుతోంది. మూతి ఒక పక్కకు జారింది. ఏదో చెప్పబోతున్నాడు కానీ, నోట్లో బట్ట కుక్కుకున్నవాడిలా ముద్దముద్దగా వస్తోంది. వదిలితే అద్దం ఆయన మీద పడుతుంది. వదలకపోతే ఆయన దగ్గరికి పోలేదు. నాలుగడుగుల దూరం. ఆ నాలుగడుగుల మధ్యా అద్దం, ఆ అద్దంలో ఆవిడ మొహమే ఆవిడకి కనబడుతూ. అరిచింది. బేకరీ అతను చేతులకు పిండితోనే రోడ్డు దాటి పరిగెత్తుకొచ్చాడు.

ఆస్పత్రికి చేరేసరికి ఆయన చెయ్యి మళ్ళీ చెయ్యయింది. మూతి సర్దుకుంది. "దిగండి, ఇంటికి పోదాం. నాకేం లేదు" అన్నాడు. మొత్తం కలిపి ఇరవై నిమిషాలు. తల స్కాన్ తీశారు. శుభ్రంగా ఉందన్నారు.

"మినీ స్ట్రోక్ అంటారమ్మా. చిన్న గడ్డ రక్తనాళానికి అడ్డం పడి, దానంతటదే కరిగిపోయింది" అన్నాడు వార్డు డాక్టరు. రక్తం పలచబడటానికి ఒక మాత్ర, బీపీకి ఒకటి, కొవ్వుకి ఒకటి రాశాడు.

"మళ్ళీ వస్తుందా బాబూ?"

"రావచ్చు. రాకపోవచ్చు. మాత్రలు మానకుండా వాడితే తక్కువ."

ఆయన మాత్రం అడిగినవాళ్ళందరికీ ఒకే కథ చెప్పాడు. అద్దం కోసే చక్రానికి పూసిన కిరసనాయిలు చేతికంటి అద్దం జారిందట. చూడటానికొచ్చిన ఆడపడుచు కూడా దాన్నే పట్టుకుంది. "వచ్చిన గండం వచ్చినట్టే పోయింది. ఇంక నువ్వు అదేపనిగా వాణ్ణి పట్టుకుని చూడకు. నీ చూపుకే వాడు మంచాన పడేట్టున్నాడు."

అయిదోరోజు కొట్టు తెరిచారు. మొదట చిన్న అద్దం, రెండడుగులది. ఇద్దరూ పట్టుకున్నారు. "ఎత్తు" అన్నాడాయన. ఆవిడ ఎత్తింది. ఆయన వైపు కొస లేచింది. కానీ మాట ముందొచ్చి, చెయ్యి వెనకొచ్చింది. కనురెప్ప పాటంత. ఇరవై ఆరేళ్ళూ ఆ రెండూ కలిసే వచ్చేవి.

"మీ చెయ్యి ఆలస్యంగా వస్తోంది" అంది.

"నీ భయం అద్దానికెక్కింది. చెయ్యి బానే ఉంది."

మరుసటి వారం వార్డు డాక్టరుకు చెప్పింది. డాక్టరు ఆయన్ని ముక్కు ముట్టుకోమన్నాడు, వేళ్ళు పిసకమన్నాడు, చేతులు చాచి కళ్ళు మూసుకోమన్నాడు. ఆయన అన్నీ సరిగ్గానే చేశాడు. చేస్తూ ఆవిడ వంక చూసి కనుబొమ్మలెగరేశాడు, చూశావా అన్నట్టు. డాక్టరు నవ్వి, "మా కంటికి కనబడేది ఏమీ లేదమ్మా. మీకంత అనుమానంగా ఉంటే ఎదుటి గదిలో ఒక పరిశోధన జరుగుతోంది. అయస్కాంతంతో మెదడుని తట్టి చూస్తారు. స్కాన్‌కి దొరకనివి దానికి దొరకొచ్చు, ఇష్టమైతే వెళ్ళండి" అన్నాడు.

ఇద్దరూ సరేనన్నారు. ఆవిడ తనకు తెలిసింది ఆ మిషను కూడా చెబుతుందని ఒప్పుకుంది. ఆయన తనకేం లేదని అది తేల్చేస్తుందని ఒప్పుకున్నాడు. అది తేల్చేస్తే మళ్ళీ పెద్ద అద్దాలు మొయ్యొచ్చు.

ఎదుటి గది చిన్నది. పళ్ళ డాక్టరు దగ్గర ఉండేలాంటి కుర్చీ, ఒక బల్ల, రెండు కంప్యూటరు తెరలు, గోడకు గడియారం. మిషను నడిపే అమ్మాయి పాతికేళ్ళది. జడ పైకి చుట్టి పెన్సిలు గుచ్చుకుంది. కాగితం చూస్తూ వరసగా అడిగింది.

"తలలో ఏమైనా లోహం పెట్టారా? గుండెకు మిషను ఉందా? ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా? కంట్లో ఇనుప రజను పడిందా?"

"మా కొట్టులో పడేదంతా గాజేనమ్మా. అయస్కాంతానికి గాజు అంటుకోదులే, భయపడకు" అన్నాడాయన. ఆ అమ్మాయి నవ్వింది. ఆయనకు ఉత్సాహం వచ్చింది. "పరీక్ష పాసైతే కాగితం ఇస్తారా? ఇంట్లో ఒకరికి చూపించాలి."

"ఇందులో పాసు, ఫెయిలు ఉండవండీ" అంది. ఆయన వినిపించుకోలేదు.

ఆయన తలకు గుడ్డ టోపీ తొడిగి దాని మీద స్కెచ్ పెన్నుతో చుక్కలు పెట్టింది. చెవుల్లో పెట్టుకోడానికి మెత్తటి బిరడాలు ఇచ్చింది. బొటనవేలి కింద కండ మీద చిన్న తీగలు అంటించి, చేతిని దిండు మీద పడుకోబెట్టింది. ఎనిమిది అంకెలా వంగిన నల్లటి బిళ్ళ ఒకటి చేతిలోకి తీసుకుంది. అదే అయస్కాంతం.

"చూడండి, దీన్ని తల మీద ఆనించి నొక్కితే టక్‌మంటుంది. చేతిని నడిపించే చోట తగిలితే బొటనవేలు దానంతటదే ఎగురుతుంది. ఎంత బలం పెడితే ఎగురుతోందో చూస్తాం, అంతే. మీరు చెయ్యాల్సింది ఏమీ లేదు. నిజంగానే ఏమీ చెయ్యకూడదు. చెయ్యి వదిలేసి ఉంచాలి."

మూలనున్న స్టూలు మీద కూర్చుని ఆవిడ వింటోంది. అక్కడ తడితే ఇక్కడ కదులుతుందన్నమాట. ఇదీ అద్దం మొయ్యడం లాంటిదే అనుకుంది. అవతలి కొసలో ఏముందో ఇవతలి కొసలో తెలుస్తుంది. ఆవిడకు ఆ అమ్మాయి మీద గురి కుదిరింది.

ముందు ఎడమ చెయ్యి చూశారు. టక్. టక్. బొటనవేలు చిన్న కప్పపిల్లలా ఎగిరింది. "ఎవరే నా వేలు లాగింది?" అన్నాడాయన. బలం తగ్గిస్తూ, పెంచుతూ పదేసి సార్లు కొట్టి, పదిలో అయిదు సార్లు ఎగిరే చోట ఆగింది. బలం నలభై నాలుగు అని రాసుకుంది.

తర్వాత కుడి చెయ్యి. తీగలంటించగానే బల్ల మీది చిన్న స్పీకరులోంచి గరగరమని చప్పుడొచ్చింది, ఎండుటాకుల మీద ఎవరో నడుస్తున్నట్టు.

"చెయ్యి వదలండి నాన్నగారూ. కండ బిగిస్తే ఇలా చప్పుడొస్తుంది."

"వదిలే ఉంచానమ్మా."

చూడటానికి వదిలినట్టే ఉంది. దిండు మీద నిద్రపోతున్న పిల్లాడిలా ఉంది చెయ్యి. గరగర ఆగలేదు. తీగలు పీకి మళ్ళీ అంటించింది. చర్మం తుడిచింది. వేరే తీగలు తెచ్చింది. తెర మీద గీత గొంగళిపురుగు వీపులా వెంట్రుకలు వెంట్రుకలుగా ఉంది.

"చెయ్యి వదలండి. నిద్రపోతున్నాననుకోండి."

"ఇంతకంటే ఎలా వదలనూ?"

పావుగంట గడిచింది. చివరికి ఆ అమ్మాయి పెన్సిలు జడలోంచి తీసింది. "ఇది మీ చేతుల్లో లేదేమో. స్ట్రోక్ వల్ల ఈ కండ బిగుసుకునే ఉంటోందేమో. అలాగే రాస్తాను, డాక్టరమ్మ చూసుకుంటారు."

అది జబ్బు కాదని ఆవిడకు తెలుసు. ఆయన బొటనవేలు ఆవిడకు తెలుసు. అద్దం మీద కట్టరు పెట్టి, ఈ చివర మొదలుపెట్టి ఆ చివరిదాకా ఒక్క ఊపులో గీత లాగే వేలు అది. పైకి ఏమీ కనబడదు, లోపల అంతా బిగుసుకునే ఉంటుంది. పరీక్షలో గట్టిగా నిలబడాలని బిగబట్టాడు మనిషి. చెబితే ఆయన పరువు పోతుంది. చెప్పకపోతే లేని జబ్బు కాగితానికెక్కుతుంది, ఉన్నది కనబడకుండా పోతుంది.

"అమ్మాయీ, ఆయన బిగబట్టాడు" అంది చివరికి.

ఆయన తల తిప్పబోయాడు. "తల కదపకండి" అంది అమ్మాయి. "బిగబట్టలేదు" అన్నాడు గోడకేసి చూస్తూ.

ఆవిడ లేచి కుర్చీ పక్కకు వచ్చింది. ఆయన్ని ముట్టుకోలేదు. అద్దం అటు చివర నిలబడ్డట్టే నిలబడి, "వదులు" అంది.

స్పీకరు ఆగిపోయింది.

గదిలో గడియారం చప్పుడు వినిపించింది. తెర మీద గీత నున్నగా, నీళ్ళలా పడుకుంది. ఆ అమ్మాయి ఒకసారి తెర వంక, ఒకసారి ఆవిడ వంక చూసింది. "ఎలా చేశారండీ? ఏకవచనంలో కసిరితే గానీ మాట వినరా?"

ఆవిడ నవ్వలేదు. ఆయనా నవ్వలేదు. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆ తర్వాత అయస్కాంతం ఎన్నిసార్లు టక్‌మన్నా తెరవలేదు. నలభై నాలుగు దగ్గర బొటనవేలు ఎగరలేదు. నలభై ఏడు దగ్గర ఎగరలేదు. యాభై ఒకటి దగ్గర పదిలో అయిదు సార్లు ఎగిరింది. ఆవిడ స్టూలు మీద కూర్చుని ఒక్కో అంకే విన్నది. తనకు అద్దంలోంచి తెలిసిన కనురెప్పపాటు ఇక్కడ ఏడు అంకెల తేడా అయింది.

పరిశోధన చేసే డాక్టరమ్మ అరవయ్యేళ్ళ మనిషి. కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడేసుకుంది. నిదానంగా, దాచకుండా మాట్లాడింది.

"తేడా ఉందమ్మా. కుడిచేతిని నడిపే వైపు మెదడు కొంచెం మొద్దుగా ఉంది. ఎక్కువగా తడితే గానీ పలకడం లేదు."

"నేననుకున్నదే" అంది ఆవిడ. ఒక్క క్షణం బరువు దిగినట్టయింది. "అయితే మళ్ళీ వస్తుందన్నమాట."

"అది చెప్పలేను."

"పోనీ, రాదా?"

"అదీ చెప్పలేనమ్మా. కొందరికి పుట్టుక నుంచే రెండు వైపులకీ కాస్త తేడా ఉంటుంది. స్ట్రోక్ రాకముందు ఈయన అంకె ఎంతో మనకి తెలీదు. ఈ తేడా ఉన్నవాళ్ళకి ఏమవుతుంది, తగ్గిపోతుందా, మళ్ళీ వస్తుందా, అది తెలుసుకోడానికే ఈ పరిశోధన. ఇప్పటికి ఇరవైమందిని చూశాం. ఇంకో నలభైమందిని చూడాలి. మళ్ళీ మూడు నెలలకి ఈయన్నీ చూస్తాం."

"దీనికి మందేమైనా..."

"ఇప్పుడు వాడుతున్న మాత్రలే. ఇది వైద్యం కాదు. చూడటం, అంతే."

"మరి అద్దాలు మొయ్యొచ్చా?"

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఈ అంకె చూసి మొయ్యమనీ అనలేను, వద్దనీ అనలేను. అలా అంటే నాకు తెలియంది చెప్పినట్టవుతుంది."

"ఆ నలభైమందీ అయ్యేదాకా మేం అద్దం ఎలా పట్టుకోవాలమ్మా?" అంది ఆవిడ. కోపంగా కాదు. నిజంగానే అడిగింది. డాక్టరమ్మ ఆవిడ చేతిని తన చేతిలోకి తీసుకుని, ముంజేతి మీది పాత గీతను చూసి, మెల్లిగా వదిలింది.

బస్సులో ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఇంటి వీధి మలుపు తిరిగాక అన్నాడు. "అద్దం చేతిలో లేనప్పుడు ఆ మాట ఎందుకన్నావు?"

"లేని జబ్బు రాస్తుంటే చూస్తూ ఊరుకోమంటారా?"

"రాసుకోనీ. నా చెయ్యి ఇంకొకరు చెబితే గానీ వదలదని ఆ పిల్ల ముందు చూపించావు."

"వదలదనే కదా నేను ఇన్నేళ్ళూ నమ్మింది."

ఆ తర్వాత వారం రోజులు అవసరమైన మాటలే. మాత్ర వేసుకున్నారా అంటే వేసుకున్నాననేవాడు. ఆవిడ డబ్బా మూత తీసి లెక్క చూసుకునేది. నిజంగానే వేసుకునేవాడు. కనీసం ఆ విషయంలో పోట్లాడుకోడానికైనా అవకాశమివ్వలేదు మనిషి.

ఎనిమిదోరోజు లారీ టైరు కింద పడ్డ రాయి ఒకటి ఎగిరి బేకరీ ముందరి అద్దానికి తగిలింది. సాలెగూడులా పగిలింది. బేకరీ అతను తలపట్టుకుని వచ్చాడు. "అన్నయ్యా, ఇవాళ సాయంత్రానికి పెట్టకపోతే ఈగలే నాకు గిరాకీలు."

"పెడతాంలే" అన్నాడాయన, ఆవిడ వంక చూడకుండా.

అయిదడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు, దళసరి అద్దం. అతను వెళ్ళాక ఆవిడ తలుపు దగ్గరగా వేసింది.

"వద్దండీ. వేరే కొట్టువాళ్ళకి చెప్పమందాం."

"ఆ డాక్టరమ్మ వద్దందా?"

"మొయ్యమందా?"

"అదే కదా. ఎవరూ ఏమీ అనలేదు. అననిదానికి ఎన్నాళ్ళు కూర్చోను? మూడు నెలలా? ఆ నలభైమంది దొరికేదాకానా?" గొంతు తగ్గించాడు. "కూర్చుంటే నా చెయ్యి ఎలాగూ పోతుంది. ఆ జబ్బు రానక్కర్లేదు. నీకు భయమైతే చెప్పు, పక్క ఇనుప సామాను కొట్టతన్ని పిలుస్తాను. అవతలి కొస అతను పట్టుకుంటాడు."

ఆవిడకు ఆ బలమైన మనిషి చేతులు కళ్ళముందు కనిపించాయి. ఇనుపకడ్డీలు ఎత్తి పడేసే చేతులు. వాటికి అద్దంలోంచి ఏం తెలుస్తుంది? అవతల చెయ్యి చల్లబడుతున్నా తెలీదు, తుమ్ము వస్తున్నా తెలీదు. వద్దంటే ఆయన అతనితో మోస్తాడు. సరేనంటే తనతో మోస్తాడు. మొయ్యకుండా ఆపే మాట మాత్రం ఆవిడ దగ్గర లేదు. ఇన్నేళ్ళ ఒప్పందంలో వదలమనే మాటే ఆవిడకి వచ్చింది. ఎత్తొద్దనే మాట ఎవరి వంతూ కాదు.

చేతొడుగులు తొడుక్కుంది.

"ఎత్తు" అన్నాడాయన.

మాట ముందు, చెయ్యి వెనక. అదే కనురెప్పపాటు. ఎక్కువా కాలేదు, తక్కువా కాలేదు. కొట్టు గడప దాటారు. బేకరీ అతను రోడ్డు మధ్య నిలబడి రెండు చేతులూ చాపి స్కూటర్లను ఆపాడు. ఒకడు హారన్ కొట్టాడు. "ఆగరా బాబూ, అద్దం వెళ్తుంటే కనబడటంలా?" అని కసిరాడు.

ఆవిడ ఆయన మొహం చూడలేదు. అద్దాన్నే విన్నది. ఆయన ఊపిరి విన్నది. కుడి అరచెయ్యి సర్దుకుంటే అది విన్నది. రోడ్డు మధ్యలో ఒకసారి అటు కొస కాస్త కిందికి దిగింది. ఆవిడ తన కొస బిగించి పట్టుకుంది. గొయ్యా? చెయ్యా?

"గొయ్యి" అన్నాడాయన. మాట స్పష్టంగానే ఉంది. ముద్దముద్దగా లేదు. మూతి ఎలా ఉందో చూద్దామనుకుంది. అద్దం మీద మబ్బులు పడి మొహం కనబడలేదు.

బేకరీ గడప. మెట్టు. చట్రం. ముందు ఆయన మూల ఆనింది, తర్వాత ఆవిడది. అద్దం చట్రంలో కూర్చుంది, వెంట్రుకవాసి తేడా లేకుండా. కొలత తియ్యడంలో ఆ చేతికి ఎప్పుడూ తిరుగులేదు. లోపలినుంచి ఇద్దరు గిరాకీలు చేతిలో రొట్టెలతో చూస్తున్నారు. బేకరీ అతను మేకులూ చెక్క పట్టీలూ పట్టుకుని నిలబడ్డాడు.

"బ్రహ్మాండంగా పట్టింది వదినా. ఇంక వదలండి, బిగించేస్తాను."

ఆయన వదల్లేదు. ఆవిడ చెప్పలేదు కదా.

ఆయన చెయ్యి అద్దానికి అవతలి అంచున ఉంది. బొటనవేలు తెల్లబడి, బిగిసి ఉంది. చిన్న వణుకు కూడా లేదు. ఇప్పుడు పట్టుకుని ఉంది. పట్టుకుని ఉన్నంతసేపూ పట్టుకుని ఉందని తెలుస్తోంది. వదులు అందంటే వదులుతుంది. ఆ తర్వాత రేపు ఉంది, ఎల్లుండి ఉంది, మూడు నెలలున్నాయి.

"ఏమే" అన్నాడు మెల్లిగా. వారం తర్వాత అలా పిలవడం అదే మొదలు. "ఆనిందిగా, చెప్పు."

"ఉండు" అంది.

"ఇంకా ఎందుకు?"

"ఊరికే ఉండు కాసేపు."

బేకరీ అతను ఇద్దరి వంకా చూసి, ఏమీ అర్థంకాక, మేకులు మళ్ళీ జేబులో వేసుకున్నాడు.